కన్నం కనిపిస్తే చాలు

మొన్న జూలైలో, అల్ వర్సాన్‌లో మా పక్క ఫ్లాట్ వాళ్ళ ఫెరెట్ కనబడకుండా పోయింది. రెండు గంటలు వెతికితే వాషింగ్ మెషిన్ వెనక, గొట్టం దూరే కన్నంలో దొరికింది. "దీనికి ఈ కన్నాల పిచ్చేంటి అంకుల్?" అంది వాళ్ళ పాప.

పిచ్చి కాదు, అది దాని ఉద్యోగం! చూడటానికి ముంగిసలా ఉన్నా, ఇది యూరప్ పోల్‌కాట్‌ని మచ్చిక చేస్తే వచ్చిన జంతువు. స్పెయిన్ దీవుల్లో కుందేళ్ళు పంటలు తినేస్తుంటే, ఇలాంటి జంతువులకే నోటికి చిక్కం కట్టి బొరియల్లోకి వదిలేవారని 2000 ఏళ్ళ క్రితం గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో రాశాడు. అవి ఫెరెట్లేనని చాలామంది పండితుల అభిప్రాయం. అంటే కన్నంలో దూరడానికే మనిషి దాన్ని పెంచాడన్నమాట.

ఆ రాత్రే వాళ్ళింట్లో సందులన్నీ మూశాం. తల పట్టే సందైతే చాలు, ఒళ్ళంతా పట్టేస్తుంది. ఫ్రిజ్ వెనక అట్టలు బిగించాం. మడిచే సోఫా తీసేశాం, లోపల దూరితే నలిగిపోతుంది. రబ్బరు ముక్కలు ఏరేశాం, మింగితే పేగులకి అడ్డం పడతాయి. బాల్కనీ తలుపుకి గడియ పెట్టాం. చెమటతో ఒళ్ళు చల్లబరుచుకోలేని ప్రాణి, దుబాయ్ ఎండకి నిలవదు.

వేల ఏళ్ళు మనం నేర్పిన బుద్ధి ఇప్పుడు మానమంటే మానుతుందా? కన్నాలు మూసుకోవలసింది మనమే.