మిగిలిన భాగం రాసినవాడు

2020 జూన్‌లో, లాక్‌డౌన్ రోజుల్లో, మా అన్నయ్య కొడుకు బెంగళూరు నుంచి చిలకలూరిపేట వచ్చేసి ఇంటి నుంచే ఉద్యోగం చేస్తుండేవాడు. ఒకరోజు పొద్దున్నే మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు. ఏమైందిరా అంటే, 'ది లాస్ట్ ఆఫ్ అస్' అనే వీడియో గేమ్ రెండో భాగం వచ్చిందట. ఏడేళ్లు ఎదురుచూసిన ఆట. మొదటి భాగంలో మనం నడిపించిన జోయెల్‌ని ఇందులో తొలి గంటల్లోనే చంపేశారు. పైగా సగం ఆట అయ్యాక, అతన్ని చంపిన ఆబీ అనే అమ్మాయిగానే మనం ఆడాలి.

“మొదటి భాగం పరువు తీశారు బాబాయ్” అన్నాడు.

“పూర్తిగా ఆడావా?”

“లేదు. అక్కడే ఆపేసి సున్నా వేసొచ్చా.”

వాడొక్కడే కాదు. ఇరవై గంటలకు పైగా పట్టే ఆటకి, విడుదలైన కొద్ది గంటల్లోనే ప్రపంచం నలుమూలల నుంచీ సున్నాలు వచ్చిపడ్డాయి. అదే ఆటకి ఆ ఏడాది చివర 'గేమ్ అవార్డ్స్'లో మేటి ఆటగా బహుమతి వచ్చింది. వాణ్ణి మందలించబోయి ఆగిపోయాను. ఎందుకంటే అదే పని నేనూ చేశాను. నేను సున్నా వేసింది ఎర్రనకి.

డిగ్రీ పిల్లలకి తెలుగు చెప్పినన్నాళ్లూ కవిత్రయం పాఠం ఒకే తీరుగా చెప్పాను. నన్నయది అక్షర రమ్యత, తిక్కనది నాటకీయత, ఎర్రన మిగిలింది పూర్తిచేశాడు. పరీక్షకి అంతే చాలు. నిజానికి ఎర్రన రాసిన భాగం నేను అప్పటికి వరసగా చదివింది లేదు. అక్కడో పద్యం, ఇక్కడో పద్యం. మాది ఆయన తిరిగిన నేలే. అద్దంకి బస్సు ఎక్కితే గంటన్నర. అయినా చదవలేదు.

రిటైరయ్యాక చదివాను. ఈ వ్యాసం ఆ పాఠానికి నేను రాసుకుంటున్న సవరణ.

ముందు ఆయన ముందున్న పని ఏమిటో చూడాలి. పదకొండో శతాబ్దంలో రాజరాజ నరేంద్రుడి కొలువులో నన్నయ భారతం మొదలుపెట్టి, ఆది, సభాపర్వాలు ముగించి, అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసం మధ్యలో ఆపేశాడు. పదమూడో శతాబ్దంలో తిక్కన ఆ ఖాళీని అలాగే వదిలి విరాటపర్వం నుంచి చివరిదాకా రాశాడు. అరణ్యపర్వం ముట్టుకుంటే కీడని, నన్నయకి మతి చలించిందని కథలు కూడా పుట్టాయి. ఆ ఖాళీ ఎర్రనదాకా, అంటే దాదాపు మూడు వందల ఏళ్లు, అలాగే ఉండిపోయింది.

మామూలుగా రెండో భాగం రాసేవాడికి ముందు ఒక్క గోడే ఉంటుంది. ఎర్రనకి ముందూ వెనకా రెండు గోడలు. ఇటు నన్నయ, అటు తిక్కన, ఇద్దరూ అప్పటికే జనం గుండెల్లో ఉన్నవాళ్లు. రెండు చివరలకీ అతకాలి, అతుకు కనపడకూడదు.

ఆ అతుకు ఎలా వేశాడో చూడండి. నన్నయ చివరి పద్యం శరదృతువులో రాత్రి: నక్షత్రాలు, కలువల వాసన, కర్పూరం పొడిలాంటి వెన్నెల. ఎర్రన మొదటి పద్యం అదే శరత్తులో తెల్లవారడం: ఎర్రటి లేత కిరణాలు, మబ్బు విడిన ఆకాశం. నన్నయది ఉత్పలమాల. ఎర్రనది చంపకమాల, అంటే ఉత్పలమాలలో మొదటి గురువుని రెండు లఘువులుగా విడగొడితే వచ్చేది. మూడు వందల ఏళ్ల చీకటి తర్వాత తెల్లవారినట్టు మొదలుపెట్టాడు గాని, అక్కడ తన పేరు చెప్పుకోలేదు. నన్నయ రాసినట్టుగానే రాసి, ఆ భాగాన్ని కూడా ఎప్పుడో పోయిన రాజరాజ నరేంద్రుడికే చెందేట్టు చేశాడు.

దీన్నే 'సొంత గొంతు లేదు' అన్నాం. ఇందులో ఒక మాట ఒప్పుకోవాలి. మార్కండేయుడు ధర్మాలు చెప్పే ఘట్టాలు కొన్నిచోట్ల సాగుతాయి. నన్నయ పద్యంలో ఉండే బిగువు అన్నిచోట్లా దొరకదు. కానీ సొంత గొంతు లేకపోవడం వేరు, దాన్ని ఒకచోట దాచుకోవడం వేరు. అదే ఎర్రన 'నృసింహపురాణం'లో తన ఇష్టం వచ్చినట్టు వర్ణనలు పరిచాడు. ప్రబంధాల కాలం రాకముందే ఆయనకి ప్రబంధ పరమేశ్వరుడన్న పేరు ఊరికే రాలేదు. భారతానికి అనుబంధమైన హరివంశాన్ని కూడా తెనిగించాడు. తర్వాతి విమర్శకులు నాచన సోమన 'ఉత్తర హరివంశం' పక్కన పెట్టి దాన్ని కూడా తక్కువ చేశారు. విశ్వనాథ సత్యనారాయణ సోమన మీద ప్రత్యేకంగా పుస్తకమే రాశారు. సోమన గొప్పవాడే. అయితే ఆయన గొప్పదనానికి ఎర్రనని తగ్గించాల్సిన పని లేదు.

కాలం కూడా చూడాలి. 1323లో ఓరుగల్లు పడిపోయింది. కాకతీయుల నీడ పోయిన ఈ పత్తి నేలల్లో, అద్దంకి రాజధానిగా ప్రోలయ వేమారెడ్డి కొత్త రాజ్యం నిలబెట్టాడు. ఆయన కొలువులో కవి ఎర్రన. అన్నీ తెగిపోయిన కాలంలో, పాతదాన్ని పక్కకి నెట్టి కొత్తగా వెలిగిపోవడం కన్నా, తెగినచోట ముడి వెయ్యడమే పెద్ద పని అని ఆయన అనుకుని ఉంటాడని నాకనిపిస్తుంది.

ఆ ముడి వల్ల మనకేం దక్కిందో లెక్క వేసుకుందాం. ధర్మవ్యాధుడు, ఘోషయాత్ర, సావిత్రి, కర్ణుడు కవచకుండలాలు ఇచ్చెయ్యడం, యక్షప్రశ్నలు. తెలుగు భారతంలో ఇవన్నీ ఎర్రన చేతి మీదుగా వచ్చినవే. నేను క్లాసులో ఎన్నోసార్లు మురిసిపోతూ చెప్పిన కథలు. అవి చెప్పేటప్పుడు ఆయన పేరు మాత్రం ఎత్తేవాణ్ణి కాదు.

ఆ ఆటవాళ్లు మొదటి భాగాన్ని కాదని రాసినందుకు తిట్లు తిన్నారు. ఎర్రన మొదటి భాగాన్ని అక్షరాలా మోసినందుకు చిన్నచూపుకి గురయ్యాడు. మారిస్తే ద్రోహం, మార్చకపోతే అనుకరణ. తరవాయి భాగం రాసేవాడికి ఏ దారిలోనూ మాట దక్కదు. అందుకే మొదటిదానిలా ఉందా లేదా అని కాక, ఆ చోట ఏది అవసరం, అది చేశాడా అని అడగాలి. అలా అడిగితే ఎర్రనకి పూర్తి మార్కులు పడతాయి.

మావాడు ఆ ఆట తర్వాత పూర్తిచేశాడు. “నాకింకా నచ్చలేదు బాబాయ్, కానీ సున్నా తీసేశా” అన్నాడు. నా దగ్గర చదివిన పిల్లలు ఇప్పుడు ఎక్కడెక్కడో ఉన్నారు. వాళ్లలో ఎవరైనా ఇది చదివితే, నేను చెప్పిన ఆ మూడో వాక్యం కొట్టేసుకోండి.