పదకొండో నంబరు

‘రేవులో మూడో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారు’ అనే వార్త కోస్తావాళ్లకు కొత్త కాదు. నంబరు పెద్దదైతే ముప్పు పెద్దదన్న లెక్కా తెలిసిందే. ఎనిమిది, తొమ్మిది, పది మహా ప్రమాద సూచికలు. తుపాను రేవుకు ఏ పక్కగా తీరం దాటుతుందో, లేక రేవు మీదే విరుచుకుపడుతుందో అవి చెబుతాయి. వాటి పైన ఇంకో నంబరుంది, పదకొండు. గాలి ఇంకా పెరిగిందని దాని అర్థం కాదు. వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, ఇక్కడి అధికారి చూపుకు మాత్రం ప్రమాదం కనబడుతోంది అని అర్థం. ‘మాకు కబురు అందడం లేదు’ అన్న సంగతినే ఒక హెచ్చరికగా మార్చి, పగలు స్తంభానికి ఆకారాలు కట్టి, రాత్రి దీపాలు పెట్టి ఊరందరికీ చూపించే ఏర్పాటు అది. విపత్తు వేళ సంస్థలు సోషల్ మీడియాలో మాట్లాడే తీరులో ఈ పదకొండో నంబరు లేకుండా పోయిందని, లోపమంతా అక్కడే ఉందని నా అభిప్రాయం.

ఈ నంబర్ల వెనకున్న చరిత్రలో బందరుకు పెద్ద భాగమే ఉంది. 1864 అక్టోబరులో కలకత్తాను, నెల తిరగకుండానే నవంబరు 1న బందరును (మచిలీపట్నాన్ని) తుపానులు ముంచేశాయి. బందరు ఉప్పెనలో పోయినవాళ్లు 30 వేలని ఎక్కువగా చెప్పే అంచనా. మరుసటి ఏడే కలకత్తా రేవులో తుపాను హెచ్చరికలు మొదలయ్యాయి, 1875లో వాతావరణ శాఖ ఏర్పడింది. అప్పట్లో రేవుకు కబురు టెలిగ్రాఫ్ తీగ మీద రావాల్సి ఉండేది. గాలివానకు ముందు తెగిపోయేదీ ఆ తీగే. పదకొండో నంబరులో ఆ ఎరుక కనిపిస్తుంది: హెచ్చరించే సాధనం కూడా తుపానుకు చిక్కేదేనని ఒప్పుకున్నాకే హెచ్చరిక పూర్తయినట్టు.

తర్వాత సాధనాలు బాగా మెరుగుపడ్డాయి, వాటి మేలును కాదనలేం. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో సుమారు 10 వేల మంది పోయారు. 1990 మే నాటికి ఇన్‌శాట్ ఉపగ్రహం నుంచి తీర ప్రాంతాల రిసీవర్లకు నేరుగా హెచ్చరికలు అందుతున్నాయి. ముందు సైరన్ మోగేది, వెంటనే స్థానిక భాషలో మాట వినిపించేది. ఆ నెల వచ్చిన తుపానుకు లక్షమందికి పైగా జనాన్ని ముందే తరలించారు, మృతులు వెయ్యి లోపే. అయితే సైరన్ మోగాక గడప గడపకూ వెళ్లి, పశువుల్ని వదిలి రాలేమన్న వాళ్లను బతిమాలి బయలుదేరదీసింది ఊళ్లోని మనుషులే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖలో తీరం దాటింది. కరెంటు స్తంభాలు కూలాయి, సెల్ టవర్లు మూగబోయాయి. అలాంటి గంటల్లో ఫోన్ చేతిలో ఉన్న మనిషి సంగతి చూడండి. సిగ్నల్ పోకముందు వచ్చిన చివరి పోస్టు తెరమీద అలాగే ఉంటుంది. అందులో ‘ఆందోళన అక్కర్లేదు’ అని ఉంటే, గంటలు గడిచినా అదే మాట చెబుతూ ఉంటుంది. టెలిగ్రాఫ్ తెగిందని రేవు స్తంభం చెప్పేది, ఫోన్ తెర చెప్పదు. నెట్ ఉన్నచోట కూడా నిన్నటి పోస్టు ఎక్కువమంది పంచుకున్నదైతే ఈ పూట పోస్టు కంటే ముందు కనబడుతుంది.

2015 చెన్నై వరదలు, 2018 కేరళ వరదలు చూపించి, సోషల్ మీడియానే ప్రాణాలు కాపాడిందని అనేవాళ్లున్నారు. నిజమే. కేరళలో ఆపదలో ఉన్నవాళ్లు తామున్న చోటు పంపారు, మత్స్యకారులు పడవలేసుకుని వెళ్లారు. కానీ కాపాడేసినవాళ్ల కోసం వేడుకోళ్లు కూడా తిరుగుతూనే ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా ఫోన్ చేసి సరిచూడ్డం వలంటీర్లకు పెద్ద పనైంది. ఏ కబురు ఏ గంట వరకు చెల్లుతుందో తేలకపోతే, కబుర్లు పెరిగినకొద్దీ పడవ ఎటు పోవాలో తేల్చుకోవడం కష్టమవుతుంది.

ఇంకో అభ్యంతరం బరువైనది: ‘మాకు తెలియదు’ అని ప్రభుత్వ సంస్థే అంటే జనం హడలిపోరా? రేవుల అనుభవం చూస్తే ఆ భయం నిలవదు. పదకొండో నంబరు వట్టిగా ‘తెలియదు’ అని ఊరుకోదు. ‘తెలియదు, కాబట్టి ప్రమాదమనే అనుకోండి’ అంటుంది. ఏం చేయాలో అందులోనే ఉంది. తుపాను కదలికల్ని ముందే అంచనా వేసే ఈ రోజుల్లో దీన్ని పోస్టుగా రాయడం ఏ సంస్థకూ కష్టం కాదు, సిగ్నల్ ఉండగానే పెట్టాలి అంతే: ‘ఈ సమాచారం సాయంత్రం 6 గంటల వరకే. ఆ తర్వాత మా నుంచి కబురు రాకపోతే పరిస్థితి ముదిరిందని లెక్క. ఎవరి కోసమూ చూడకుండా బడిలోని పునరావాస కేంద్రానికి నడవండి.’