చర్చి కట్టాలంటే పది షరతులు

1919లో ఈజిప్టు బ్రిటిష్‌వాళ్ల మీద తిరగబడినప్పుడు, సెర్జియస్ అనే కాప్టిక్ (ఈజిప్టు క్రైస్తవ) ఫాదర్ కైరోలోని అల్ అజ్‌హర్ మసీదు వేదికెక్కి ప్రసంగించాడు. నెలవంక, శిలువ కలిసి ఉన్న జెండాలు వీధుల్లో ఎగిరాయి. చరిత్రలో నాకు ప్రాణమైన ఘట్టమది. అందుకే ఆ తర్వాతి కథ మింగుడుపడదు.

1934లో హోంశాఖ పది షరతులు పెట్టింది. చర్చి కట్టే స్థలం ఎవరిది? దగ్గరి మసీదు ఎంత దూరం? చుట్టుపక్కల ముస్లింలకు అభ్యంతరముందా? ఊళ్లో క్రైస్తవులెందరు? నైలు వంతెనో, కాలువో, రైలుకట్టో పక్కనుంటే సంబంధిత శాఖ ఒప్పుకుందా? అన్నిటికీ జవాబులు తెచ్చుకున్నా చివరికి దేశాధినేత అనుమతి కావాలి. ఇరుగుపొరుగు అభ్యంతరాన్ని షరతుగా రాశాక, గొడవ పెట్టడానికి ఊళ్లో ఒక్క మనిషి చాలడూ!

1968లో కైరోలో సెయింట్ మార్క్ కేథడ్రల్ తెరుచుకుంది. శంకుస్థాపన చేసింది స్వయానా అప్పటి దేశాధ్యక్షుడు నాసర్. పల్లె చర్చిలకు మాత్రం చిన్న మరమ్మతుకు కూడా దేశాధ్యక్షుడి అనుమతి అవసరమైన రోజులవి.

2016 నాటి 80వ నంబరు చట్టం కొత్త చర్చిలకు అనుమతిచ్చే అధికారాన్ని గవర్నర్లకిచ్చి, నాలుగు నెలల గడువు పెట్టింది. కానీ అది చర్చిల కోసమే చేసిన చట్టం. మసీదుకూ చర్చికీ ఒకటే చట్టం ఉండాలన్న కాప్టుల పాత కోరిక తీరనేలేదు.