కూలెంట్ కథ: రంగు చూసి కొంటే మోసమే

వందేళ్ళ కిందట అమెరికాలో చలికాలం వచ్చిందంటే కారున్నవాళ్ళకు రాత్రిపూట ఒక పని తప్పేది కాదు. బండి షెడ్డులో పెట్టాక రేడియేటర్ అడుగున ఉన్న కుళాయి తిప్పి నీళ్ళన్నీ వదిలెయ్యాలి. పొద్దున్నే మళ్ళీ వేడినీళ్ళు పోసి బండి తియ్యాలి. మరిచిపోతే తెల్లారేసరికి ఇంజిన్ బ్లాక్ పగిలి ఉండేది. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికి పోత ఇనుము కూడా ఆగదు.

ఈ బాధ పడలేక జనం ఆ నీళ్ళలో కలపని పదార్థం లేదు. కాల్షియం క్లోరైడ్ ఉప్పు కలిపితే గడ్డకట్టడం ఆగింది కానీ ఇనుమును తినేసింది. చక్కెర కలిపారు, తేనె కూడా పోశారు. గ్లిజరిన్ మంచిదే గానీ చలికి చిక్కబడి సరిగ్గా పారదు. చివరికి ఎక్కువమంది మద్యసారంతో సరిపెట్టుకున్నారు. అందులో మిథనాల్ 65 డిగ్రీల దగ్గరే మరిగి ఎగిరిపోతుంది. ఇంజిన్ బాగా వేడెక్కిన ప్రతిసారీ కొంత తరిగేది, తరిగినప్పుడల్లా డబ్బు పెట్టి మళ్ళీ పోసుకోవాల్సిందే.

అంతకుముందు కార్లది ఇంకా మొరటు పద్ధతి. కార్ల్ బెంజ్ 1886లో పేటెంట్ పొందిన మూడు చక్రాల బండిలో నీరు మరిగి ఆవిరైపోవడమే ఇంజిన్‌ను చల్లార్చే మార్గం. 1888లో ఆయన భార్య బెర్తా ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని మన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌కు ఆ రకం బండి నడుపుకుంటూ వెళ్ళినప్పుడు దారి పొడుగునా నీళ్ళు వెతుక్కుంటూనే వెళ్ళింది. 1900 తర్వాత విల్‌హెల్మ్ మేబాక్ తేనెపట్టు గదుల రేడియేటర్ తెచ్చాక అదే నీటిని చల్లార్చి మళ్ళీ మళ్ళీ తిప్పడం బాగా కుదిరింది. అప్పుడు నీటి కొరత తీరింది గానీ చలి బెడద మిగిలింది.

దానికి మందు అప్పటికే ప్రయోగశాలలో ఉంది. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షార్ల్ అడోల్ఫ్ వుర్ట్స్ 1856లోనే ఇథిలీన్ గ్లైకాల్ తయారుచేశాడు. అరవై ఏళ్ళ పాటు దాంతో ఎవరికీ పెద్దగా పని పడలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో గ్లిజరిన్ దొరక్క జర్మన్లు పేలుడు పదార్థాలకు దీన్ని వాడారు. 1920లలో అమెరికాలోనూ చలికి గడ్డకట్టని డైనమైట్ కోసమే దీని తయారీ పెరిగింది. ఆపైన యూనియన్ కార్బైడ్ 1927లో ప్రెస్టోన్ పేరుతో దీన్ని డబ్బాల్లో పెట్టి కార్ల యజమానులకు అమ్మడం మొదలుపెట్టింది. భోపాల్ దుర్ఘటనతో మన దేశం మరిచిపోలేని పేరుగా మారిన కంపెనీ అదే.

గ్లైకాల్ 197 డిగ్రీల దాకా మరగదు కాబట్టి మద్యసారంలా ఎగిరిపోదు. ఇది విమానాల వాళ్ళను ఇంకా ఆకర్షించింది. ద్రవం ఎంత వేడి దాకా మరగకుండా ఉంటే రేడియేటర్ అంత చిన్నదైతే చాలు, గాలి అడ్డూ అంత తగ్గుతుంది. తొలినాటి స్పిట్‌ఫైర్ యుద్ధ విమానాల మెర్లిన్ ఇంజిన్లలో చుక్క నీరు లేకుండా గ్లైకాలే పోశారు. కానీ అది మండుతుంది, చిన్న సందు దొరికినా కారుతుంది, పైగా వేడిని మోసే శక్తి నీటికే ఎక్కువ. అందుకే తర్వాతి మెర్లిన్లకు 70 పాళ్ళ నీరు, 30 పాళ్ళ గ్లైకాల్ కలిపి, ఒత్తిడి పెంచి తిప్పారు. నేటి కార్లలో పోసే కూలెంట్‌దీ అదే సూత్రం.

గ్లైకాల్ చిక్కగా పోస్తే ఇంకా మంచిదనుకునేవాళ్ళు మన దగ్గర ఇప్పటికీ ఉన్నారు. అది పొరపాటు. గ్లైకాల్ ఒక్కటే అయితే మైనస్ 13 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, నీటితో చెరిసగం కలిపితే మైనస్ 37 దాకా కట్టదు. ఆ చెరిసగం మిశ్రమమే మామూలు గాలి ఒత్తిడిలో 107, 108 డిగ్రీల దగ్గర మరుగుతుంది. రేడియేటర్ మూత బిగించి ఒత్తిడి పెంచితే 120 దాటినా మరగదు.

మంచు పడని విజయవాడకు, రామగుండానికి ఈ శీతల దేశాల సరుకు ఎందుకన్నది సహజమైన ప్రశ్నే. అంబాసిడర్ రోజుల్లో చాలామంది నీళ్ళతోనే నడిపారు. శ్రీశైలం ఘాటెక్కే టాక్సీ డిక్కీలో నీళ్ళ డబ్బా ఉండాల్సిందే. బానెట్ ఎత్తి, గుడ్డ చుట్టి మూత తిప్పి, ఆవిరి పోయేదాకా దూరంగా నిలబడటం డ్రైవర్లకు అలవాటైన పని. ఆ ఇంజిన్ పోత ఇనుముది, రేడియేటర్ రాగి, ఇత్తడిది. తుప్పు పట్టినా ఏళ్ళ తరబడి ఓర్చుకునేవి. ఇప్పటి కారులో సిలిండర్ హెడ్, రేడియేటర్ అల్యూమినియంవి, చాలా ఇంజిన్లలో బ్లాక్ కూడా అంతే. పక్కనే ప్లాస్టిక్ ట్యాంకులు, రబ్బరు సీళ్ళు. బోరు నీళ్ళలోని క్లోరైడ్లు అల్యూమినియానికి సూది బెజ్జాలు పెడతాయి, కాల్షియం గార కట్టి సన్నని గొట్టాలను పూడ్చేస్తుంది. మన ఎండల్లో కూలెంట్ చేసే అసలు పని మరుగు ఆపడం, తుప్పు ఆపడం.

తుప్పును ఆపేది గ్లైకాల్ కాదు. నిజానికి పాతబడ్డ గ్లైకాల్ ఆమ్లంగా మారి లోహాన్ని తనే కొరుకుతుంది. కాపాడేవి అందులో కొద్ది శాతం కలిపే రసాయనాలు. కూలెంట్లు వేరువేరు జాతులుగా చీలిపోయింది ఇక్కడే. పాతకాలపు ఆకుపచ్చ కూలెంట్లలో సిలికేట్లు, ఫాస్ఫేట్లు ఉండేవి. అవి లోహం మీద త్వరగా పొర కడతాయి, రెండు మూడేళ్ళలో ఖర్చయిపోతాయి. ఐరోపాలో నీళ్ళు కఠినం కాబట్టి ఫాస్ఫేట్ గార కడుతుందని అక్కడి కంపెనీలు దాన్ని వద్దనుకుని సిలికేట్ వైపు వెళ్ళాయి. నీటి పంపు సీళ్ళు అరుగుతాయని జపాన్ వాళ్ళు సిలికేట్‌ను పక్కనపెట్టి ఫాస్ఫేట్ ఎంచుకున్నారు. ఎవరి నీళ్ళను, ఎవరి పంపును బట్టి వాళ్ళు తేల్చుకున్నారు. లారీల వాళ్ళది మరో గొడవ. పెద్ద డీజిల్ ఇంజిన్లలో సిలిండర్ లైనర్ అదురుకు బుడగలు పుట్టి, పేలి, ఇనుముకు గుంటలు పెడతాయి. దానికోసం నైట్రైట్ కలుపుతూ వచ్చారు.

1990లలో సేంద్రియ ఆమ్లాల కూలెంట్లు వచ్చాయి. ఇవి లోహమంతా పొర కట్టవు, తుప్పు మొదలయ్యే చోటే పట్టుకుంటాయి. అందుకే ఎక్కువకాలం మన్నుతాయి. జనరల్ మోటార్స్ 1996 మోడళ్ళ నుంచి నారింజ రంగు డెక్స్‌కూల్ పోసి, అయిదేళ్ళు లేదా లక్షన్నర మైళ్ళు మార్చక్కర్లేదంది. చాలా బండ్లలో అది నిజమే అయింది. మట్టం తగ్గి గాలి చొరబడిన కొన్ని ఇంజిన్లలో మాత్రం గోధుమ రంగు బురద కట్టింది, గ్యాస్కెట్లు పోయాయి. యజమానులు కోర్టుకెక్కితే కంపెనీ పరిహారానికి ఒప్పుకోవాల్సి వచ్చింది. ఫోక్స్‌వాగన్ కార్లలోనూ పాత జీ11 రకం కూలెంట్‌కు ఎర్రటి జీ12 రకం కలిపితే బురదే మిగిలింది. ఆ తర్వాత ఆ కంపెనీ పాతవాటితో కలిసే రకాలను తెచ్చుకుంది.

టయోటా కూలెంట్ గులాబీ, హోండాది నీలం, ఇంకొకరిది ఊదా. ఆ రంగు కేవలం అద్దకం, అన్ని కంపెనీలకూ వర్తించే ప్రమాణమేదీ దాన్ని నిర్దేశించదు. రెండు పచ్చ డబ్బాల్లో పూర్తిగా వేరు రసాయనాలు ఉండొచ్చు. అన్ని కార్లకూ సరిపోతుందని రాసిన డబ్బాను నమ్మడం కన్నా కారు కంపెనీ చెప్పినదాన్నే పొయ్యడం మేలు. పది లక్షల బండికి ఏళ్ళకోసారి మార్చే డబ్బా దగ్గర పొదుపు దండగ.

ఇంకొక్క మాట. గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, ప్రాణం తీస్తుంది. ఒంట్లో అది ఆక్సాలిక్ ఆమ్లంగా మారి మూత్రపిండాల్లో స్ఫటికాలు కడుతుంది. అమెరికాలో తయారీదారులు 2012 నుంచి రిటైల్ డబ్బాల్లో చేదు కలుపుతున్నారు. పాత కూలెంట్‌ను వీధి కాలవలోకి వదలొద్దు, మిగిలినదాన్ని కూల్‌డ్రింక్ సీసాలో దాచొద్దు.

కొనేముందు ఓనర్స్ మాన్యువల్‌లో రాసిన స్పెసిఫికేషన్‌ను ఫోన్‌లో ఫొటో తీసుకుని దుకాణానికి వెళ్ళండి. డబ్బా వెనక అదే పేరు ఉందా, మన బీఐఎస్ ఐఎస్ 5759 గుర్తు ఉందా, అది నేరుగా పోసేదా లేక నీళ్ళు కలపాల్సిందా చూడండి. కలపాల్సిందైతే డిస్టిల్డ్ వాటరే కొనండి. దారిలో గత్యంతరం లేక కుళాయి నీళ్ళు పోస్తే, ఇల్లు చేరాక పాతదంతా తీయించి కొత్తది పోయించండి.