కాలేయ ఎంజైములు: రిపోర్టులో అంకె ఎక్కువొస్తే

కాలేయ కణాలు దెబ్బతిన్నప్పుడు వాటి లోపల ఉండాల్సిన కొన్ని ఎంజైములు రక్తంలోకి కారతాయి. అలా ఎంత కారిందో కొలిచే పరీక్షల్లో ముఖ్యమైనవి రెండు: ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ. కొత్త రిపోర్టుల్లో ఇవే ఏఎల్‌టీ, ఏఎస్‌టీ అనే పేర్లతో కనిపిస్తాయి. వీటికి ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, బిలిరుబిన్, అల్బుమిన్ వంటివి కలిపి చేసే పరీక్షల గుంపును ఎల్‌ఎఫ్‌టీ అంటారు. ఎంజైములు పెరగడమంటే ఎక్కడో ఏదో జరుగుతోందని అర్థం. ఆ జరుగుతున్నది కాలేయంలోనే అయి ఉండాలని కూడా లేదు.

కరీంనగర్ జిల్లా చొప్పదండి లాంటి ఊళ్లో ఈ పరీక్ష మనిషికి రకరకాలుగా ఎదురవుతుంది. జ్వరమో కామెర్లో వచ్చి రాయించుకునేవారు కొందరు, షుగరు, బీపీ చెకప్‌లో బయటపడేవారు కొందరు. గల్ఫ్ మెడికల్‌కు వెళ్లి తొలిసారి ఎస్‌జీపీటీ అనే మాట వినే యువకులూ తక్కువేం కాదు. ప్రభుత్వ వైపు చూస్తే, తెలంగాణ డయాగ్నొస్టిక్స్ 2018లో హైదరాబాద్‌లో మొదలై, 2021 జూన్ 9న ఒకేసారి 19 జిల్లా కేంద్రాలకు విస్తరించింది. వాటిలో కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, ఆదిలాబాద్, నిర్మల్, ఆసిఫాబాద్ ఉన్నాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో తీసిన రక్తం జిల్లా కేంద్రంలోని ల్యాబుకు వెళ్తుంది, రిపోర్టు ఫోనుకు వస్తుంది. డబ్బు కట్టనక్కర్లేదు.

అయితే ఫోనులోకి వచ్చిన రిపోర్టును వివరించే మనిషి ఫోనులో ఉండడు. బోల్డు అక్షరాల్లో ఉన్న అంకె పక్కన 'హెచ్' అని చూసి సగం మంది భయపడతారు, మిగతా సగం మంది పట్టించుకోరు. ఆ అంకె వెనకున్న లెక్క తెలిస్తే రెండూ తప్పుతాయి.

ఈ పరీక్ష పుట్టింది కాలేయం కోసం కాదు. 1954లో న్యూయార్క్‌లో ఆర్థర్ కార్మెన్, ఫెలిక్స్ రోబ్లెవ్‌స్కీ, జాన్ లాడ్యూ గుండెపోటు వచ్చినవారి రక్తంలో ఏఎస్‌టీ పెరుగుతోందని గమనించారు. కాలేయ జబ్బుల్లో ఇంకా ఎక్కువ పెరుగుతుందని ఆ వెంటనే తేలింది. కొన్నాళ్ల పాటు ఇది గుండెపోటును గుర్తించే పరీక్షగా కూడా వాడుకలో ఉండేది. ఆ చరిత్రలోనే ఒక పాఠం ఉంది. ఏఎస్‌టీ గుండె, కండరాలు, మూత్రపిండాలు, ఎర్ర రక్తకణాలు అన్నిటిలోనూ ఉంటుంది. ఏఎల్‌టీ ఎక్కువ భాగం కాలేయానిదే. అందుకే ఏఎస్‌టీ ఒక్కటే పెరిగి ఏఎల్‌టీ మామూలుగా ఉంటే ముందు కాలేయం బయట వెతకడం మంచిది.

అలవాటు లేని బరువులు ఎత్తినా, కొత్తగా జిమ్‌లో చేరి శక్తికి మించి కష్టపడినా రెండు ఎంజైములూ కొన్ని రోజులపాటు ఎక్కువగా కనిపించవచ్చు. సీకే అనే కండర ఎంజైము పరీక్షతో ఆ సందేహం తీరుతుంది. పుట్టుకతో వచ్చే కండరాల జబ్బున్న పిల్లలను కాలేయ రోగులుగా పొరబడి నెలల తరబడి తిప్పిన ఉదంతాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. రక్తం తీసేటప్పుడో, ల్యాబుకు చేరేలోపో ఎర్ర కణాలు చిట్లినా ఏఎస్‌టీ ఎక్కువొస్తుంది. ఎండాకాలంలో ఊరి నుంచి జిల్లా కేంద్రానికి వెళ్లే రక్తపు గొట్టం విషయంలో ఈ సంగతి గుర్తుంచుకోవాలి. పరీక్ష మరోసారి చేయించమని డాక్టరు అంటే అది కాలయాపన అనుకోనక్కర్లేదు.

ఎంత పెరిగితే ఎక్కువ? చాలా ల్యాబులు 40 యూనిట్లను గరిష్ఠ హద్దుగా వేస్తాయి. 2002లో ఇటలీ పరిశోధకులు రక్తదాతలను జల్లెడ పట్టి, ఆరోగ్యవంతుల్లో ఏఎల్‌టీ హద్దు మగవారికి 30, ఆడవారికి 19 దగ్గరే ఉండాలన్నారు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ అనే వైద్యుల సంఘం 2017లో మగవారికి 29 నుంచి 33, ఆడవారికి 19 నుంచి 25 అని సూచించింది. అంటే 38 వచ్చిన గృహిణికి రిపోర్టులో 'నార్మల్' అని పడినా డాక్టరు ఆలోచించాల్సిన సందర్భం ఉండొచ్చు. వైద్యులు అంకెను కాకుండా హద్దుకు ఎన్ని రెట్లో చూస్తారు. రెండు మూడు రెట్లు ఉండటం కొవ్వు పట్టిన కాలేయంలోనూ, పాత హెపటైటిస్‌లోనూ మామూలు. వేలల్లో వెళితే కారణాలు కొన్నే మిగులుతాయి: తాజాగా సోకిన హెపటైటిస్ వైరస్, పారాసిటమాల్ మోతాదు మించడం, విషం, లేదా బీపీ బాగా పడిపోయి కాలేయానికి రక్తం అందకపోవడం.

ఇక్కడే పెద్ద తిరకాసు ఉంది. ఎంజైము కాలేయం ఇప్పుడు ఎంత దెబ్బతింటోందో చెబుతుంది గానీ, ఇప్పటిదాకా ఎంత పోయిందో చెప్పదు. ఎండిన చెరువు తూము నుంచి నీళ్లు కారనట్టే, సిరోసిస్‌తో గట్టిపడిన కాలేయంలో కారడానికి కణాలే తక్కువ కాబట్టి ఎస్‌జీపీటీ మామూలుగా ఉండొచ్చు. కాలేయం పని ఎలా చేస్తోందో తెలియాలంటే అల్బుమిన్, బిలిరుబిన్, రక్తం గడ్డకట్టే సమయాన్ని చూపే ఐఎన్ఆర్ చూడాలి.

కాలేయం దెబ్బతిని గట్టిపడ్డ చోట మిగిలే మచ్చ ఎంత ఉందో అంచనా వేయడానికి ఫిబ్-4 అనే చిన్న లెక్క ఉంది. వయసును ఏఎస్‌టీతో గుణించి, దాన్ని ప్లేట్‌లెట్ల సంఖ్య (వేలల్లో), ఏఎల్‌టీ వర్గమూలం, ఈ రెండింటి లబ్ధంతో భాగించాలి. ఉదాహరణకు 40 ఏళ్ల మనిషికి ఏఎస్‌టీ 48, ఏఎల్‌టీ 64, ప్లేట్‌లెట్లు 2 లక్షల 40 వేలు ఉంటే ఫిబ్-4 సరిగ్గా 1 వస్తుంది. 1.3 కంటే తక్కువ కాబట్టి ముదిరిన మచ్చ ఉండే అవకాశం స్వల్పం. ఇంకొకరికి వయసు 55, ఏఎస్‌టీ 70, ఏఎల్‌టీ 49, ప్లేట్‌లెట్లు లక్షా 10 వేలు అనుకుందాం. లెక్క 5 వస్తుంది. 2.67 దాటితే ప్రమాదం కింద లెక్క. ఎస్‌జీపీటీ తక్కువున్న రెండో మనిషి కాలేయమే ఎక్కువ దెబ్బతిని ఉండొచ్చు. ఇద్దరూ ఒకే ల్యాబు బల్ల మీద రిపోర్టులు పోల్చుకుంటే మొదటివాడే దిగులు పడతాడు. 65 ఏళ్లు దాటినవారికి 1.3 బదులు 2ను హద్దుగా తీసుకుంటారు.

ఇక కారణాలు. భారతదేశంలో ఇప్పుడు అన్నిటికంటే ముందు వరుసలో ఉన్నది ఫ్యాటీ లివర్. దేశంలో జరిగిన అధ్యయనాలన్నీ కలిపి 2022లో ప్రచురించిన ఒక విశ్లేషణ పెద్దవారిలో దాదాపు 38 శాతం మందికి ఇది ఉందని లెక్కగట్టింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు నగర ఐటీ ఉద్యోగులను పరీక్షించగా 84 శాతం మంది కాలేయంలో కొవ్వు ఎక్కువగా కనిపించింది. ఆ పరిశోధన 2025లో వెలువడింది. కుర్చీలో కూర్చునేవారి జబ్బని పల్లెలవారు తేలిగ్గా తీసుకోవడానికి లేదు. షుగరు, పొట్ట, మూడు పూటలా అన్నం ఉన్నచోటల్లా ఇది ఉంటుంది. సన్నగా ఉన్నవారికీ వస్తుంది. నడుము చుట్టుకొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలన్నది మనవాళ్లకు వర్తించే కొలత. ఫ్యాటీ లివర్‌ను అసాంక్రామిక వ్యాధుల నివారణ కార్యక్రమంలో కేంద్ర ప్రభుత్వం 2021లోనే చేర్చింది. బరువులో 7 నుంచి 10 శాతం తగ్గితే కాలేయ వాపు తగ్గుముఖం పడుతుంది. ఇంతవరకు దీన్ని మించిన మందు అందరికీ అందుబాటులో లేదు.

తాగుడు రెండో కారణం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ మగవారిలో 43 శాతం మంది మద్యం తాగుతారు. పెద్ద రాష్ట్రాల్లో ఇంత ఎక్కువ మరెక్కడా లేదు. ఉత్తర తెలంగాణలో ఈ లెక్కకు కల్లు చిక్కుముడి కలుస్తుంది. "మందు తాగుతరా?" అని డాక్టరు అడిగితే "లే సార్" అంటాడు పెద్దమనిషి. "మరి కల్లు?" అంటే "గది దినాం తాగుత సార్" అంటాడు. చెట్టు నుంచి దించిన గీత కార్మికుడికీ తాగిన మనిషికీ కల్లు ఆహారం లాంటిది కావచ్చు, కాలేయానికి మాత్రం అది ఆల్కహాలే. ఐదు శాతం ఆల్కహాల్ ఉన్న కల్లు లీటరు తాగితే దాదాపు 40 గ్రాముల ఆల్కహాల్ ఒంట్లోకి పోతుంది. మగవారికి రోజుకు 30, ఆడవారికి 20 గ్రాములు దాటితే కాలేయ జబ్బులో తాగుడు పాత్ర ఉన్నట్టే లెక్క వేస్తారు. అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్లయితే మానేసిన మర్నాటి నుంచి వణుకు, ఫిట్స్ వచ్చే ప్రమాదం వేరే ఉంది. అందుకే అలాంటివారు డాక్టరు సాయంతో మానాలి.

తాగుడు వల్ల దెబ్బతిన్న కాలేయంలో ఏఎస్‌టీ, ఏఎల్‌టీ కంటే రెట్టింపు దాకా ఉండటం ఒక ఆనవాలు. ఈ నిష్పత్తిని 1957లో పట్టి చూపినవాడు నేపుల్స్ వైద్యుడు ఫెర్నాండో డి రీటిస్. ఎంత తాగినా ఏఎస్‌టీ సాధారణంగా 400 దాటదు. దాటిందంటే ఇంకో కారణమేదో జతకలిసింది.

మరో కారణం హెపటైటిస్ వైరస్‌లు. గల్ఫ్ దేశాల వీసాకు చేసే వైద్యపరీక్షలో ఎల్‌ఎఫ్‌టీతో పాటు హెపటైటిస్ బి, సి పరీక్షలు తప్పనిసరి. బి పాజిటివ్ వస్తే అన్‌ఫిట్. అప్పటిదాకా ఏ బాధా లేని కుర్రాడికి, ఎస్‌జీపీటీ కూడా మామూలుగానే ఉన్నవాడికి, ఏజెంటుకు డబ్బు కట్టాక ఈ మాట వినడం పిడుగుపాటే. హెపటైటిస్ బి ఒంట్లో ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా ఉంటుంది. అది తల్లి నుంచి బిడ్డకు, రక్తం, సూదులు, లైంగిక సంబంధం ద్వారా సోకుతుంది. ఒకే కంచంలో తిన్నందుకు రాదు. దీనికి టీకా దేశంలోనే తొలిసారి తయారైంది హైదరాబాద్‌లోనే. వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997 ఆగస్టులో షాన్‌వ్యాక్-బి తెచ్చాక విదేశీ టీకా ధరలు కూలిపోయాయి. అయినా దేశమంతటా పసిపిల్లల టీకాల పట్టికలో ఇది చేరింది 2011లో. ఇప్పుడు గల్ఫ్ విమానం ఎక్కుతున్న వయసువారిలో చాలామంది అంతకు ముందు పుట్టినవారే. 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితం. హెపటైటిస్ సి అయితే మూడు నెలల మాత్రలతో దాదాపు పూర్తిగా నయమవుతుంది.

అన్‌ఫిట్ అయినవాళ్లు, కామెర్లు వచ్చినవాళ్లు పసరు మందు కోసం తిరగడం ఈ ప్రాంతంలో పాత అలవాటు. నేల ఉసిరిపై 1988లో మద్రాసు పరిశోధకులు లాన్సెట్ పత్రికలో ఆశ కలిగించే ఫలితం ప్రచురించారు. తర్వాత వేరేచోట్ల చేసిన ప్రయోగాల్లో అది నిలబడలేదు. హెపటైటిస్ ఎ, ఇ వల్ల వచ్చిన కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి, పేరు పసరుకు దక్కుతుంది. అపకారం జరిగిన ఉదాహరణలూ ఉన్నాయి. కోవిడ్ రోజుల్లో రోగనిరోధక శక్తి కోసం తిప్పతీగ తాగి కాలేయం దెబ్బతిన్న 43 మంది రోగుల వివరాలను 13 భారతీయ ఆసుపత్రుల వైద్యులు 2022లో ప్రకటించారు.

అల్లోపతి మందులకూ ఈ గుణం ఉంది. టీబీ మాత్రల్లో ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ కాలేయాన్ని ఇబ్బంది పెట్టగలవు. వాంతులు, కామెర్లు వంటి లక్షణాలతో ఏఎల్‌టీ మూడు రెట్లు, లక్షణాలు లేకున్నా ఐదు రెట్లు దాటితే వాటిని ఆపి డాక్టరును కలవాలి. సొంతంగా ఆపి ఊరుకుంటే టీబీ మొండికేస్తుంది. కొలెస్టరాల్ మాత్రల విషయంలో జరిగేది దీనికి విరుద్ధం: మూడు రెట్లలోపు కొద్దిపాటి పెరుగుదలకే భయపడి మానేసేవారు ఎక్కువ, చాలాసార్లు అది అనవసరం.

వానాకాలంలో డెంగీ జోరుగా ఉన్నప్పుడు ఎంజైములు పెరగడం సర్వసాధారణం. అందులో ఏఎస్‌టీ ఎక్కువ. వెయ్యి దాటితే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని తీవ్ర డెంగీ కింద లెక్కిస్తుంది. ఎదిగే పిల్లల్లో ఎముకల వల్ల, నెలలు నిండిన గర్భిణిలో మావి వల్ల ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎక్కువగా ఉండటం సహజం. మిగతావారిలో అది జీజీటీ అనే ఇంకో ఎంజైముతో పాటు పెరిగితే పిత్తనాళంలో రాయి లాంటి అడ్డు ఉందేమో చూస్తారు.

ఆలస్యం చేయకూడని సందర్భాలు కొన్నే. ఏఎల్‌టీ మూడు రెట్లు, దాంతోపాటు బిలిరుబిన్ రెండు రెట్లు దాటడం మందు వల్ల అయితే, అలాంటి పదిమందిలో ఒకరు ప్రాణాపాయంలో పడతారని హైమన్ జిమ్మర్‌మన్ చూపాడు. మత్తుగా మాట్లాడటం, పగలూ రాత్రీ తేడా తెలియకపోవడం, ఐఎన్ఆర్ పెరగడం కాలేయం చేతులెత్తేస్తోందనడానికి గుర్తులు. పసుపు భాస్వరం ఉన్న ఎలుకల మందు మింగినవారు రెండు మూడు రోజులు మామూలుగా తిరిగి, ఆ తర్వాత కుప్పకూలుతారు. మొదటి రోజు రిపోర్టు బాగుందని ఇంటికి తీసుకెళ్లడం ప్రమాదకరం.

మిగతావారికి మొదటి మెట్టు పరీక్ష మళ్లీ చేయించడం. ఏఎల్‌టీ రక్తంలో సగానికి తగ్గడానికి దాదాపు రెండు రోజులు పడుతుంది, ఏఎస్‌టీకి ఒక్కరోజు లోపే. ఒక్కసారి తగిలిన దెబ్బ అయితే రెండు మూడు వారాల్లో ఆ ఛాయ పోతుంది. పోకపోతే హెపటైటిస్ బి, సి పరీక్షలు, షుగరు, కొలెస్టరాల్, అల్ట్రాసౌండ్. కొవ్వు ఇరవై, ముప్పై శాతం కంటే తక్కువున్నప్పుడు అల్ట్రాసౌండ్ కంటికి అది అంతగా ఆనదు, మచ్చ సంగతి దానికి ఇంకా తక్కువ తెలుసు. 'గ్రేడ్ 1', 'గ్రేడ్ 2' అనేవి కొవ్వు కొలతలే. గట్టిదనం కొలవాలంటే ఫైబ్రోస్కాన్ చేయించాలి. నొప్పి లేని ఆ పరీక్షలో ఫలితం కిలోపాస్కల్‌లలో వస్తుంది. 8 కంటే తక్కువుంటే ముదిరిన మచ్చ లేనట్టే భావించి, కొన్నేళ్లకోసారి చూసుకుంటే సరిపోతుందంటారు.