రేషను రోజుల్లో గాలె

మా రోజుల్లో విదేశమంటే విమానం కాదురా. రైలు దిగి ఓడెక్కడం. మంటకు కాస్త దగ్గరగా జరగండి, చెబుతాను.

1974 ఫిబ్రవరి. మద్రాసులో కొత్తగా ఉద్యోగం. పెళ్లి కాలేదు, బాధ్యత లేదు. భుజాన కాన్వాసు సంచి, అందులో రెండు జతల బట్టలు, ఒక దుప్పటి, బందరులో అమ్మ కట్టిచ్చిన సున్నుండలు. ఒక్కణ్నే సిలోను బయల్దేరాను. దేశం పేరు శ్రీలంకగా మారి అప్పటికి రెండేళ్లవుతున్నా మా నోట సిలోనే. రేడియో సిలోనులో తెలుగు పాటలు వేసే మీనాక్షి పొన్నుదురై గొంతు వింటూ పెరిగినవాళ్లం మరి. ఇంకో కారణం కూడా ఉంది. మన బందరులో డచ్చివాళ్ల సమాధులున్నాయి చూశారా, చిన్నప్పుడు ఆ రాళ్ల మీదెక్కి ఆడుకునేవాళ్లం. 1600ల మొదట్లోనే కలంకారీ గుడ్డల కోసం వచ్చి బందరులో కొట్లు పెట్టుకున్నారు వాళ్లు. ఆ డచ్చివాళ్లే సిలోను దక్షిణపు కొసన గాలె అనే ఊళ్లో కట్టిన కోట చెక్కుచెదరకుండా ఉందని ఎవరో చెబితే, చూసి తీరాలనిపించింది.

ఎగ్మూరులో రామేశ్వరం రైలెక్కాను. పాంబన్ వంతెన మీదికి వచ్చేసరికి రైలు నడక వేగానికి తగ్గింది. కింద అటూ ఇటూ సముద్రమే. 1914 నాటి వంతెన అది. ఓడ వస్తే మధ్యలో రెండుగా విడిపోయి పైకి లేచేది. పూర్వం రైలు ధనుష్కోటి దాకా పోయేదట, అక్కడ దిగినవాళ్లు ఎదురుగా ఉన్న ఓడెక్కేవాళ్లట. 1964 డిసెంబరు తుఫాను ఆ ఊరిని తుడిచిపెట్టింది. ఆ రాత్రి ధనుష్కోటి చేరబోతున్న రైలుని, లోపలున్న వంద మందికి పైగా జనాన్ని సముద్రం లాక్కుపోయింది. పెట్టెలో నా పక్కన కూర్చున్న ముసలాయన ఆ వైపు చూసి చేతులు జోడించాడు. నేనూ జోడించాను. 1864 ఉప్పెనలో 30,000 మందిని పోగొట్టుకున్న ఊరివాణ్ని, నాకు ఒకరు చెప్పాలా?

రామేశ్వరంలో ఓడెక్కితే సాయంత్రానికి తలైమన్నారు. ఓడ నిండా జుట్టు పెంచిన తెల్ల కుర్రాళ్లు, వీపున సంచులు. యూరప్ నుంచి నేల మీదే బస్సులు, రైళ్లు మారుకుంటూ వచ్చినవాళ్లు. వాళ్లంతా హిక్కడువ సముద్రతీరానికి. సంచి వేసుకుని ఒంటరిగా పోయే మనవాడు మాత్రం నేనొక్కణ్నే. కస్టమ్సు అధికారి సంచి తెరిచి, సున్నుండలు చూసి, ఏం వ్యాపారం చేస్తావని అడిగాడు. ఊరు చూడ్డానికొచ్చానంటే నమ్మడానికి చాలాసేపు పట్టింది.

రాత్రి రైల్లో కొలంబో చేరి, ముందు అక్కడి మ్యూజియానికి వెళ్లాను. గాలెలో దొరికిన ఒక శిలాశాసనం అక్కడుంది. చైనా నౌకాధిపతి జెంగ్ హే 1409 తేదీతో వేయించింది. ఎన్ని వందల ఏళ్లు మట్టిలో ఉందో, 1911లో ఒక కల్వర్టు మీద బోర్లా కప్పిన పలకగా బయటపడింది. ఒకే రాయి మీద మూడు భాషలు. చైనా భాషలో బుద్ధుడికి, తమిళంలో తెనవరై నాయనారుగా కొలిచే విష్ణువుకి, పారసీలో అల్లాకి కానుకలు రాయించాడు. బంగారం, వెండి, పట్టు, సుగంధ తైలం ముగ్గురికీ ఇంచుమించు సమానంగా. పరాయి రేవులో దిగినవాడు ముందుగా ఎవరికి దణ్ణం పెట్టుకోవాలో ఆ నావికుడికి తెలుసు. ఆ ఊళ్లో ఉన్న అందరి దేవుళ్లకీ!

కొలంబో నుంచి గాలె రైలు పొడుగునా సముద్రాన్ని ఒరుసుకుంటూ పోతుంది. కుడివైపు కిటికీలోంచి నురుగు మొహాన పడేంత దగ్గర. కలుతర ప్రాంతంలో గీత కార్మికుల్ని చూశాను. కొబ్బరి చెట్ల మధ్య పైన తాళ్లు కట్టుకుని, కిందికి దిగకుండా ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి నడిచిపోతారు. మన గీత కార్మికులు చెట్టు చెట్టుకీ ఎక్కి దిగుతారు కదా, నోరు తెరుచుకుని చూస్తుండిపోయాను. అంబలంగొడ దాటాక పెరలియ అనే చిన్న ఊరొచ్చింది. పట్టాల పక్కన కొబ్బరి నీడలో ఇళ్లు, బడికి పోయే పిల్లలు. 2004 డిసెంబరు 26న సునామీ రైలుని ముంచెత్తి వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది అక్కడేరా. టీవీలో ఆ పెట్టెలు చూసినప్పుడు ధనుష్కోటి వైపు జోడించిన చేతులు గుర్తొచ్చాయి. జలసంధికి అటొక రైలు, ఇటొక రైలు. రెండూ డిసెంబరులోనే.

గాలె కోట గురించి చెప్పాలంటే ముందు గోడ గురించి చెప్పాలి. మొదట పోర్చుగీసువాళ్లు చిన్న కోట కట్టుకున్నారు. 1640లో డచ్చివాళ్లు దాన్ని పట్టుకుని, చుట్టూ బ్రహ్మాండమైన గోడ లేపారు. సూర్యుడు, చంద్రుడు, నక్షత్రం పేర్లతో బురుజులు. పాత ద్వారానికి లోపలివైపు డచ్చి కంపెనీ చిహ్నం, పైన కోడిపుంజు, 1669 అన్న అంకెలు. అదే ద్వారానికి బయటివైపు ఇంగ్లీషువాళ్ల రాజముద్ర. 1796లో కోట వాళ్ల చేతికి పోయింది మరి. లోపల 1755 నాటి చర్చిలో నేలంతా సమాధి రాళ్లే. వాటి మీది చెక్కడాలు చూస్తే బందరులో నేను ఎక్కి ఆడిన రాళ్లు కళ్ల ముందు కదిలాయి. వీధుల కింద డచ్చివాళ్లు తవ్వించిన కాలవలున్నాయి, సముద్రపు ఆటుపోట్లే వాటిని కడిగేవి. ఒకప్పుడు పెద్ద ఓడలన్నీ గాలెలోనే ఆగేవి. 1880ల్లో కొలంబో రేవుకి అడ్డుగోడ కట్టాక ఓడలు అటు మళ్లాయి. నేను వెళ్లేనాటికి బందరులాగే అదీ వెలుగు తగ్గిన రేవు. అందుకేనేమో, పరాయి ఊరు అనిపించలేదు.

బస కోసం వీధిలో అడుగుతుంటే ఒక ఇంటి పెద్దావిడ అరుగు మీంచి పిలిచింది. ముస్లిం కుటుంబం, ఇంట్లో తమిళం. మద్రాసులో నేర్చుకున్న తమిళం నాకు పనికొచ్చింది. ముందు గది ఇచ్చారు. అద్దె ఎంతంటే, పోయేటప్పుడు చూద్దాంలే అంది. అవి ఆ దేశానికి గడ్డురోజులు. బియ్యం రేషను, పిండి కరువు, చక్కెర కరువు. రొట్టె కోసం తెల్లవారకముందే జనం బారులు తీరేవాళ్లు. ఆ ఇంటి కుర్రాడితో కలిసి నేనూ ఆ వరసలో నిలబడ్డాను. ఇంట్లో ఎక్కువగా ఉడికించిన కర్రపెండలమే. కొబ్బరి, ఎండుమిరప, ఉల్లి నూరి నిమ్మరసం పిండిన సంబోలు దాని మీదికి. చక్కెర లేని టీ, మధ్యమధ్య కొరుక్కోడానికి చిన్న జీలుగ బెల్లం ముక్క. నేను ఇష్టంగానే తినేవాణ్ని.

ఒక రాత్రి నా ముందు ఆకులో అన్నం పెట్టారు. తెల్లగా, పొగలు కక్కుతూ. మిగతా అందరి ముందూ కర్రపెండలమే. నాకు ముద్ద దిగలేదు. పెద్దావిడ నా వంక చూసి, "నీది వరి పండే ఊరన్నావు కదా తంబీ, ఇన్నాళ్లు అన్నం లేకుండా ఎట్లా ఉంటావు, తిను" అంది. వాళ్ల వారం రేషను అది. డబ్బున్నవాడు మిగిలింది పెడతాడు, ఆవిడ మిగలనిది పెట్టింది.

ఇంకో మాట కూడా చెప్పాలి. సాయంత్రం కోటగోడ మీద పాములాడించే అతను బుట్ట సర్దుకుంటూ, పక్కనున్న పిల్లాణ్ని "ఇట్రా" అని కేకేశాడు. అదిరిపడ్డాను. తెలుగు! అహికుంటకులంటారు వాళ్లని. పాములాడిస్తూ, కోతులాడిస్తూ, ఆడవాళ్లు చెయ్యి చూసి జోస్యం చెబుతూ ఊరూరా గుడిసెలు వేసుకు తిరిగే జనం. తరాల కిందట సముద్రం దాటినా ఇంట్లో మాట తెలుగే. అతని తెలుగు నాకు సగం అర్థమైంది, నాది అతనికి సగం. మీదేవూరని అడిగితే చెయ్యి గాల్లో తిప్పి అన్ని ఊళ్లూ అన్నాడు. దొంతులు పెట్టి కట్టిన ఆ రాళ్ల మీద ఇద్దరం చీకటి పడేదాకా కూర్చున్నాం. నలుగురితో కలిసి వెళ్లి ఉంటే మేం మాలో మేమే మాట్లాడుకుంటూ ఆ కేక వినకుండా దాటిపోయేవాళ్లం. ఒంటరిగా వెళ్లినవాడికి చెవులు పెద్దవవుతాయిరా.

1980ల్లో అక్కడ యుద్ధం ముదిరి రామేశ్వరం ఓడ ఆగిపోయింది. మళ్లీ 2023 అక్టోబరులో నాగపట్నం నుంచి కాంకేసంతురైకి ఓడ మొదలైందని విని ఎంత సంతోషించానో. సునామీ అప్పుడు కోట బయట బస్టాండు, బజారు కొట్టుకుపోయినా, డచ్చివాళ్ల గోడ లోపలి ఇళ్లను కాపాడిందని పేపర్లో చదివి ఊపిరి పీల్చుకున్నాను.

వచ్చేటప్పుడు ఆ పెద్దావిడ గది అద్దె తీసుకుంది, అన్నానికి పైసా తీసుకోలేదు. ఆ బాకీ ఎవరికి తీర్చాలో మూడేళ్లు దాటాక తెలిసింది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన. పదివేల మందికి పైగా పోయారు. శవాలు తీయడానికి, బావులు తోడడానికి ఎక్కడెక్కడి కుర్రాళ్లో సంచులు భుజాన వేసుకుని బందరు బస్టాండులో దిగేవాళ్లు. మన భాష రానివాళ్లు కూడా. నేను ఊరికి వచ్చి వాళ్లని ఇంటికి తీసుకొచ్చేవాణ్ని. మా అమ్మ పొయ్యి ఆర్పలేదు. మాకే బియ్యం చాలని రోజుల్లో వాళ్లకి ముందు వడ్డించి, మిగిలితే మేం తిన్నాం. ఎందుకురా అని అమ్మ అడగలేదు. గాలె ముచ్చట తనకి ముందే చెప్పి ఉన్నాను.

వయసులో ఉన్నప్పుడు ఒకసారైనా ఒంటరిగా, తెలిసినవాళ్లెవరూ లేని ఊరికి వెళ్లండి. అక్కడ మీకు ఎవరో ఒకరు అన్నం పెడతారు. ఆ అన్నం తిన్నవాడు ఆ తర్వాత తన గడప దగ్గర నిలబడ్డ మనిషిని ఏ దేశం, ఏ మతం అని అడగలేడు. దేశాలు తిరగడం వల్ల నాకు కలిగిన లాభం ఇదే, మీకూ కలగాలని కోరుకునేదీ ఇదే.