ఖరగ్‌పూరులో తెలుగు పుస్తకము

డిజిటల్ గ్రంథముల యుగమున అచ్చుపుస్తకము నిలుచునా యను ప్రశ్నను ఖరగ్‌పూరునుండి పరిశీలించుట సముచితము. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ నెలకొల్పిన కర్మాగారములో పనికై వచ్చిన తెలుగువారు తరతరములుగా ఇచ్చటనే స్థిరపడిరి. వారి భాషకు అధికారభాషా ప్రతిపత్తి కల్పించుటకు పశ్చిమ బెంగాలు మంత్రివర్గము 2020 డిసెంబరులో ఆమోదము తెలిపినది. 1951లో ఈ ఊరనే వెలసిన ఐ.ఐ.టి. నిర్మించిన జాతీయ డిజిటల్ గ్రంథాలయము 2018లో జాతికి అంకితమైనది.

పూర్వము తాళపత్రములకు ప్రతులు వ్రాయువారు కరవైనపుడు గ్రంథములు పురుగుల పాలైనవి. సి.పి. బ్రౌను వ్రాతప్రతులను సేకరించి, పండితులచే సరిచూపించి, 1829లో వేమన పద్యములను అచ్చువేయించెను. డిజిటల్ ప్రతికిని అదే ధర్మము వర్తించును. యంత్రములు మారినపుడెల్ల దానిని క్రొత్త సాధనములోనికి ఎక్కించువారు లేనిచో అదియు నశించును. అచ్చుపుస్తకమునకు విద్యుత్తుతో పనిలేదు. లిపి తెలిసిన కన్నులు చాలును.

ఆ కన్నులే నేడు అరుదగుచున్నవి. ప్రవాసాంధ్రుల ఇండ్లలో మాట నిలిచినను, బిడ్డల చదువు పెక్కుచోట్ల అన్యలిపిలో సాగుచున్నది. అక్షరము మరచిన ఇంట కాగితమును, తెరయు సమానముగా మూగవియే. పుస్తకము బ్రతుకవలెనని కోరు రచయితలు మొదట ఓనమాలు దిద్దించువారికి తోడు నిలువవలెను.